నా ప్రసంగాలు, పిల్లల కిడ్నీలు

నేను పాస్టరుగారి అమ్మాయిని. ఈ సంగతి ముందే చెప్పేస్తే, తర్వాత నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ మీకు తేలిగ్గా అర్థమవుతాయి. మా నాన్నగారిది శృంగవరపుకోట దగ్గర ఒక చిన్న బాప్టిస్టు సంఘం. ఆదివారం ఆయన ప్రసంగం మొదలుపెడితే ఇళ్ళలో పొయ్యి మీద పెట్టొచ్చిన పప్పు అడుగంటేదాకా ఆపేవారు కారు. మా అమ్మ ముందు వరసలో కూర్చుని గోడ గడియారం వైపు కళ్ళతో సైగ చేసేది. ఆయన వెంటనే కళ్ళు మూసుకునేవారు. ఆ గొంతు మా తమ్ముళ్ళెవరికీ రాలేదు, నాకొచ్చింది. నేను డాక్టరునై దాన్ని షుగర్ ఉన్న పిల్లల మీద వాడాను.

ఉద్యోగమంతా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనే గడిచింది. చివర్లో చాలా ఏళ్ళు విజయనగరంలో ఒక ఆస్పత్రిలో మంగళవారం మంగళవారం షుగర్ పిల్లల్ని చూసేదాన్ని. వీళ్ళది పెద్దవాళ్ళకొచ్చే షుగర్ కాదు. ఒంట్లో ఇన్సులిన్ తయారవడమే మానేసిన జబ్బు. బతికినంతకాలం సూదులు వేసుకోవాల్సిందే. ఇప్పుడు ఆ గదిలో కూర్చోబోయే కుర్ర డాక్టర్లు నన్ను అడుగుతుంటారు, "మేడమ్, ఈ పిల్లల్లో ఎవరి కిడ్నీ ముందుగా దెబ్బతింటుందో మీరెలా కనిపెట్టేవారు?" అని. నేను కనిపెట్టినవాటికన్నా నా ముక్కు కింద ఉండి కూడా తప్పించుకున్నవే ఎక్కువ. అందుకని వాటి గురించే రాస్తాను. ప్రమోషన్ల గురించీ సన్మానాల గురించీ రాయను. ఆ శాలువాలు బీరువాలో ఉన్నాయి, చిమ్మటలు తింటున్నాయి.

ఆమదాలవలస రైలు

నా మొదటి ఉద్యోగం ఆమదాలవలసలో. అక్కడి పెద్ద డాక్టరుగారు సన్నగా, నెమ్మదిగా ఉండేవారు. రోగి చెప్పిందంతా విని ఆయన రెండు ముక్కలు మాట్లాడేవారు. నేను రోగి చెప్పే రెండు ముక్కలు విని మిగతాదంతా మాట్లాడేదాన్ని. మా దగ్గరకొచ్చే జనం పొద్దున రైలు దిగి, చూపించుకుని, మధ్యాహ్నం బండికి తిరిగిపోవాలి. నా గది ముందు వరస మాత్రం కదిలేది కాదు. ఒకరోజు ఒక పెద్దాయన నా మాటల మధ్యలోనే లేచి చేతులు జోడించాడు.

"అమ్మా, మీరు సెప్పింది సానా బాగున్నాది. మిగిల్నది వచ్చీ వారం ఇంటాను. బండెల్లిపోతాది."

ఆ సాయంత్రం పెద్ద డాక్టరుగారు నన్ను పిలిచారు. "అమ్మాయ్, నీ వైద్యానికి వంక పెట్టను. రోగి మాట్లాడుతున్నప్పుడు నువ్వు కాస్త ఊపిరి పీల్చుకో. నీకూ విశ్రాంతి, వాళ్ళకీ రైలు దొరుకుతుంది" అన్నారు. నేను బుద్ధిగా తలూపాను. తర్వాత నేనెందుకు అంతసేపు మాట్లాడాల్సి వస్తుందో ఆయనకి వివరంగా చెప్పడం మొదలుపెట్టాను. ఆయన వింటూ వింటూ చెప్పులు తొడుక్కుని ఇంటికి వెళ్ళిపోయారు.

అంత మంచి సలహా ఇచ్చిన బాసు నాకు మళ్ళీ దొరకలేదు. దాన్ని పాటించడానికి నాకు ఉద్యోగంలో ముప్పాతిక వంతు పట్టింది.

కిడ్నీ అన్న మాట

షుగర్ ఉన్న పిల్లల్లో కిడ్నీ దెబ్బతినడం మొదలైతే పైకి ఏమీ తెలియదు. నొప్పి ఉండదు, వాపు ఉండదు, పిల్లలు గెంతుతూనే ఉంటారు. మొదట కనిపించేది ఒక్కటే, మూత్రంలోకి ఆల్బుమిన్ అనే ప్రోటీను కొద్దికొద్దిగా జారిపోవడం. అదీ కంటికి కనబడదు, ల్యాబ్‌కి పంపితేనే బయటపడుతుంది. ఆ దశలో పట్టుకుంటే చాలామందిలో వెనక్కి తిప్పవచ్చు. పట్టుకోకపోతే, ఆ పిల్లలు పెళ్ళిళ్ళు చేసుకుని కాపురాలు చేసే వయసులో డయాలిసిస్ మంచం ఎక్కాల్సి వస్తుంది. అందుకే షుగర్ వచ్చి కొన్నేళ్ళయిన పిల్లలకి, ఈడొచ్చే వయసు నుంచి ఏటేటా ఈ పరీక్ష చేయిస్తాం. ఇంతవరకు పుస్తకాల్లో ఉంటుంది.

శ్రీకాకుళం జిల్లాలో 'కిడ్నీ' అన్న మాటకి ఎంత బరువుందో పుస్తకాల్లో ఉండదు. ఉద్దానం వైపు ఆ జబ్బుతో మనిషిని పోగొట్టుకున్న ఇళ్ళు ఎన్నో. దాని వల్ల మిగతా జిల్లాలో కూడా జనం ఆ మాటని ఒక రోగం పేరులా వినరు, చావు కబురులా వింటారు. ఇది తెలిసి కూడా నేను సింహాచలం విషయంలో నోరు పారేసుకున్నాను.

సింహాచలం పాతపట్నం దాటాక ఒక పల్లెటూరి కుర్రాడు. పదహారేళ్ళు, కబడ్డీ పిచ్చి. వాళ్ళ మావయ్య వాడిని నా దగ్గరకు తీసుకొచ్చేవాడు. ఒకసారి వాడి మూత్రంలో ఆల్బుమిన్ ఎక్కువగా వచ్చింది. ఒక్క పరీక్షతో ఏదీ తేల్చకూడదని నాకు తెలుసు. మూడుసార్లు చేసి, అందులో రెండుసార్లయినా ఎక్కువుంటేనే లెక్కలోకి తీసుకోవాలి. కానీ అప్పటికే నాకు ఆవేశం వచ్చేసింది. "ఇన్నాళ్ళూ నా మాట విన్నావా? ఇదిగో, కిడ్నీ మీదకొచ్చింది" అని మొదలుపెట్టి, బయట వరసలో ఉన్నవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకునేలా చెప్పాను.

తర్వాతి మంగళవారం ఆస్పత్రి ముందు బస్టాండు నుంచి వచ్చిన రెండు నిండు ఆటోలు ఆగాయి. సింహాచలం పెద్దమ్మలు, పిన్నులు, బావలు, చివరికి వాళ్ళ కబడ్డీ జట్టు కూడా దిగారు. అందరి చేతుల్లో బిస్కట్లు, ద్రాక్షపళ్ళు. పోబోయే కుర్రాడిని ఆఖరిచూపు చూసుకోవడానికొచ్చారు. ఆ కుర్రాడు మాత్రం మెట్ల మీద కూర్చుని తన పేరు మీద వచ్చిన ద్రాక్షపళ్ళు తానే తింటున్నాడు. "ఒరే, సుగరున్నోడివి, ఒగ్గీరా" అని పెద్దమ్మ ఏడుస్తూ లాక్కుంటోంది.

అప్పుడు గానీ నేను అడగాల్సింది అడగలేదు. "నువ్వు ఆస్పత్రికి ఎలా వస్తావు?" అన్నాను. మావయ్య జవాబిచ్చాడు. "రోడ్డు దాకా నాను సైకిల్ మీద, ఆడు పక్కన పరుగు. ఆడికి పరుగంటే సరదా. మొదటి బస్సుకి అందాల కదా." కొన్ని మైళ్ళు పరుగెత్తి వచ్చిన కుర్రాడి మూత్రం పట్టి, అందులో ప్రోటీను కనిపించిందని నేను బెంబేలెత్తాను. బాగా ఒళ్ళు అలిసినా, జ్వరం ఉన్నా, ఆడపిల్లలకి నెలసరి ఉన్నా ఈ పరీక్ష తప్పు చెబుతుంది. సింహాచలాన్ని ముందురోజే టౌనులో చుట్టాలింట్లో పడుకోబెట్టి, పొద్దున లేవగానే పట్టిన మూత్రం తెప్పించాను. ఏమీ లేదు. మరోసారి చేయించాను, అప్పుడూ లేదు.

మావయ్య రిపోర్టు కాగితాన్ని తిరగేసి మరగేసి చూశాడు. "ఏటి డాకటరమ్మా, పోయిన కిడ్నీ తిరిగొచ్చీసిందేటి?" అన్నాడు. నవ్వుతూ అన్నాడా, కోపంగా అన్నాడా అని నేను తలెత్తి చూడలేదు. ఆ ఊరి వాళ్ళు తర్వాత చాలా కాలం నా గదిలోకి వచ్చినప్పుడల్లా ముందు, "ఏటీ కంగారు నేదు కదమ్మా?" అని అడిగి కూర్చునేవారు.

బరువులెత్తే పిల్ల

సింహాచలం దెబ్బతో నాకు జ్ఞానోదయం అయిందనుకున్నాను. ఇక్కడే అసలు కథ మొదలవుతుంది. ఒక తప్పు చేసి సిగ్గుపడిన మనిషి దానికి సరిగ్గా ఎదురు తప్పు ఎంత ఉత్సాహంగా చేస్తాడో పైడితల్లి విషయంలో నేను చూపించాను.

విజయనగరం చుట్టుపక్కల కొన్ని ఊళ్ళలో ఆడపిల్లలు బరువులెత్తుతారు. బయటివాళ్ళకి వింతగానీ ఇక్కడ అది మామూలే. తెల్లారేసరికి రేకుల షెడ్డులోంచి ఇనప పలకలు దభీమని పడే చప్పుడు వస్తుంది. పోటీలో పతకం వస్తే కాలేజీలో సీటు, ఆ తర్వాత రైల్వేలోనో పోలీసులోనో ఉద్యోగం. పైడితల్లికి తొమ్మిదో ఏట షుగర్ వచ్చింది, పన్నెండో ఏట బరువుల పిచ్చి పట్టింది. వాళ్ళమ్మ సన్యాసమ్మ జూట్ మిల్లులో పని చేసేది. తండ్రి చెన్నైలో తాపీ పని. ఆ ఇంటికి పైడితల్లి ఎత్తే కడ్డీ ఎంత ముఖ్యమో నాకు చెప్పాల్సిన పని లేదు.

పదిహేనో ఏట ఆమె మూత్రంలో ఆల్బుమిన్ కనిపించింది. నేను కంగారు పడలేదు. "బరువులెత్తుతుంది కదా, వ్యాయామం వల్ల వచ్చింది" అన్నాను. పక్కనున్న హౌస్ సర్జన్లకి కూడా పాఠం చెప్పాను, అనవసరంగా కుటుంబాలని భయపెట్టకూడదని, ఓర్పు ఉండాలని. సింహాచలం కథ చెప్పి నవ్వించాను. వాళ్ళు నోట్సు రాసుకున్నారు.

రెండోసారి కూడా ఎక్కువే వచ్చింది. పోటీలు దగ్గరపడ్డాయి, సాధన ఆపలేదంటే సరేనన్నాను. బీపీ కాస్త ఎక్కువ చూపించింది. "చెయ్యి లావు కదా, ఈ పట్టీ సరిపోదు" అన్నాను. నిజమే, లావు చేతికి చిన్న పట్టీ చుడితే బీపీ ఎక్కువ చూపిస్తుంది. పెద్ద పట్టీ పక్క వార్డులోనే ఉంది, ఎవరినైనా పంపి తెప్పించవచ్చు. తెప్పించలేదు. ప్రతి లక్షణానికీ నేనే జామీను ఉండి బెయిలు ఇప్పించాను.

ఒక్కదానికి మాత్రం బెయిలు ఇవ్వలేదు. మూడు నెలల సగటు షుగర్ బాగా ఎక్కువగా ఉంది. దానికి శిక్ష కూడా అక్కడికక్కడే వేశాను. "దొంగతనంగా ఏం తింటున్నావ్? స్వీట్లా? కూల్‌డ్రింకులా?" అని మొదలుపెట్టి, మా నాన్నగారు వింటే గర్వపడేంత ప్రసంగం చేశాను. పైడితల్లి తల వంచుకుని నా బల్ల సొరుగు వైపు చూస్తూ కూర్చుంది. సన్యాసమ్మ మధ్యలో, "ఏటీ తినదమ్మా, కోడిగుడ్డు తెల్లసొన, రెండు ఇడ్లీ, అంతే" అంది. తల్లులందరూ ఇలాగే వెనకేసుకొస్తారులే అనుకున్నాను. ఇన్సులిన్ మోతాదు పెంచి రాశాను. కాటా మీద బరువు రెండు కిలోలు తగ్గిందని నర్సు చెబితే, "చూశారా, అదొక్కటి మంచి పని చేసింది" అని మెచ్చుకున్నాను కూడా.

షుగర్ ఎక్కువ, బరువు తక్కువ. ఒంటికి ఇన్సులిన్ అందడం లేదని వైద్యం మొదటి సంవత్సరం చదివే పిల్లలు కూడా చెబుతారు. నేను మాట్లాడుతున్నాను కాబట్టి నాకు వినబడలేదు.

తర్వాతి నెలల్లో మళ్ళీ షుగర్ ఎక్కువ, మళ్ళీ ప్రసంగం, మళ్ళీ మోతాదు పెంపు. చివరికి సన్యాసమ్మతో, "ఇకమీదట నువ్వే దగ్గరుండి, నేను రాసింది రాసినట్టు వేయించు" అని గట్టిగా చెప్పాను. ఆ వారమే జిల్లా పోటీలు వచ్చాయి. సన్యాసమ్మ మిల్లుకి సెలవు పెట్టి కూతురి వెంట వెళ్ళింది. పొద్దున పోటీ పిల్లల ఒంటి బరువు తూచడం అయ్యాక, నా చీటీ తీసి, రాసిన మోతాదంతా తన చేత్తో సూదిలోకి ఎక్కించి వేసింది. కాసేపటికి పైడితల్లి కడ్డీ దగ్గరకు నడుస్తూ నడుస్తూ తూలిపడింది. చెమటలు, మగత, మాట ముద్దయిపోయింది. షుగర్ పాతాళానికి దిగిపోయింది. ఇంకా మింగే స్పృహ ఉండబట్టి వాళ్ళ కోచ్ గ్లూకోజు నీళ్ళు తాగించి, ఆటోలో మా దగ్గరకు తెచ్చాడు.

నేను రాసింది రాసినట్టు చేసిన ఒకే ఒక్క రోజున ఆ పిల్ల చావు దాకా వెళ్ళొచ్చింది. ఈ వాక్యం మీద జోకు వేద్దామని చాలాసార్లు ప్రయత్నించాను. నా వల్ల కాలేదు.

కాటా

ఆ పూట వార్డులో ఆమె మంచం పక్కన నిలబడి నేను ఏం చేశానో ఊహించగలరా? ప్రసంగం మొదలుపెట్టాను. "నేను ముందే చెప్పానా లేదా" అన్నదాకా వచ్చాను. పైడితల్లి గోడ వైపు తిరిగి పడుకుంది. సన్యాసమ్మ లేచి నా చెయ్యి పట్టుకుంది.

"డాకటరమ్మా, మీకు దండం పెడతాను. కాసేపు ఊరుకోండి."

ఊరుకున్నాను. ఆమదాలవలస పెద్ద డాక్టరుగారు ఎక్కడున్నారో గానీ ఆ క్షణంలో సంతోషించి ఉంటారు.

రెండు రోజుల తర్వాత డిశ్చార్జి. ఆ గదిలో నేనూ తల్లీ కూతుళ్ళూ మాత్రమే ఉన్నాం. "ఒకసారి కాటా ఎక్కమ్మా" అన్నాను. పైడితల్లి కదల్లేదు.

"మీరెక్కండి ముందు" అంది.

"నేనెందుకు?"

"ఎప్పుడూ మమ్మల్నే ఎక్కిస్తారు. మిమ్మల్ని ఎవలూ ఎక్కించరు."

ఆ కాటా నా గది గుమ్మం పక్కనే ఎన్నో ఏళ్ళుగా ఉంది. రోజూ దాన్ని ఒక పక్కకి ఒరిగి దాటేదాన్ని, కరెంటు తీగ దాటినట్టు. నాకూ షుగరే, పెద్దవాళ్ళకొచ్చే రకం. నా సొరుగులో ఎప్పుడూ ఒక కాజాల పొట్లం ఉండేది. అందుకే పైడితల్లి ఆ సొరుగు వైపు చూసేదని ఆ రోజు తెలిసింది. "మీరు స్వీట్లు తినొద్దని తిడతన్నప్పుడు మీ చీర మీద పాకం చుక్క ఉండీది" అంది ఏ భావమూ లేకుండా.

చెప్పులు విప్పి ఎక్కాను. ముల్లు గిర్రున తిరిగి, నేను కలలో కూడా ఒప్పుకోని చోట ఆగింది. "ఓలమ్మా!" అంది సన్యాసమ్మ, వెంటనే నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. పైడితల్లి ముందుకు వంగి అంకె చూసింది. తూకం చూసే జడ్జీలాగా తీరిగ్గా చూసి, పకపకా నవ్వింది. ఆ పిల్ల నవ్వడం నేను అంతవరకు చూడలేదు. నాకూ నవ్వొచ్చింది. కాటా మీద నిలబడి నవ్వుతుంటే ముల్లు ఊగింది.

"ఇదంటే నాకు భయం, పైడితల్లీ. అందుకే ఎక్కను" అన్నాను. జీవితంలో నేను చేసిన అతిచిన్న ప్రసంగం అదే.

పైడితల్లి నవ్వు ఆపి అమ్మ వైపు చూసింది, తర్వాత నా వైపు. "నాకూ అదే భయం మేడమ్" అంది. అప్పుడు చెప్పింది. ఒకసారి చుట్టాల ఊరికి పోతూ ఇన్సులిన్ ఇంట్లో మరిచిపోయింది. రెండు రోజులకే బరువు తగ్గింది. ఒంటి బరువు తక్కువున్నవాళ్ళ కింది విభాగంలో పోటీ చేస్తే పతకం ఖాయమని కోచ్ అన్నాడు. "మిగిలిన గుంటలు నీళ్ళు మానీసి, సెమట పట్టడానికి రెయిన్‌కోటు ఏసుకుని పరిగెడతారు. నాకు అయన్నీ అక్కర్నేదు. సూది ఒగ్గేస్తే సాలు, దిగిపోతాది. పోటీకి ముందు వారం ఒగ్గీసేదాన్ని. తరవాత తరవాత మామూలు రోజుల్లో కూడా సగం ఏసీదాన్ని. మీరు కూడా బరువు తగ్గిందని మెచ్చుకున్నారు కదా."

సన్యాసమ్మ గోడకి చేరగిలబడి కూర్చుండిపోయింది. "నా సేత్తో నానే ఏసీసానే తల్లీ" అంటూ ఏడ్చింది. "నువ్వు నా చీటీ చూసి వేశావమ్మా, సగమే పడుతోందని తెలియక నేనే పెంచి పెంచి రాశాను" అన్నాను.

ఇన్సులిన్ మానేస్తే తిన్న తిండి చక్కెరై మూత్రంలో కొట్టుకుపోతుంది, ఒంట్లో నీళ్ళూ పోతాయి. అందుకే బరువు దిగుతుంది. ఆ చక్కెరంతా ఏళ్ళ తరబడి వడకట్టేది కిడ్నీలే. ఆ నెలలో సాధన మానిపించి, పొద్దున పట్టిన మూత్రం మూడుసార్లు పరీక్ష చేయించాను. మూడుసార్లూ ఆల్బుమిన్ ఉంది. పెద్ద పట్టీ తెప్పించి చూశాను, బీపీ కూడా నిజంగానే ఎక్కువ. నేను బెయిలు ఇప్పించిన ముద్దాయిలందరూ దోషులే.

పై విభాగం

కోచ్‌ని పిలిపించాను. మంచి మనిషి, బరువులెత్తి ఎత్తి మోకాళ్ళు పోగొట్టుకున్నవాడు. "మేడమ్, నాను నీళ్ళు తగ్గించమన్నాను గానీ సూది మానీమన్లేదు" అన్నాడు. తర్వాత నేలకేసి చూస్తూ, "నానూ అడగనేదు. బరువెలా దిగిందో అడగాల కదా" అన్నాడు. పైడితల్లిని ఇకమీదట పై విభాగంలోనే ఎత్తిస్తానన్నాడు.

పైడితల్లికి కళ్ళనీళ్ళు తిరిగాయి. "పై విభాగంలో నాకు పతకం రాదు. ఆళ్ళు నాకంటే ఎక్కువ ఎత్తుతారు. పతకం రాకపోతే సీటు రాదు. మరి నానేటవుతాను?"

ఇది నిజమైన ప్రశ్న. కిడ్నీ ముఖ్యమా పతకం ముఖ్యమా అని పదిహేనేళ్ళ పిల్లతో వాదించడం తేలిక, ఎందుకంటే పతకం పోయేది మనది కాదు. ఉన్నమాటే చెప్పాను. "నాకు తెలీదు. కానీ నీ కిడ్నీలు నీకు యాభై ఏళ్ళు కావాలి. అవి ఇప్పుడు వెనక్కి తిరుగుతాయి. ఇంకో రెండేళ్ళు ఆగితే తిరగకపోవచ్చు."

పైడితల్లి కళ్ళు తుడుచుకుంది. "సరే. గానీ ఓడిపోతే మీరు ప్రసంగం సెప్పకూడదు" అంది.

ఒప్పుకున్నాను. ఆమె పై విభాగంలో ఎత్తింది, ఆ ఏడాది ఓడిపోయింది. నేను పోటీ చూడ్డానికి వెళ్ళాను. కింది విభాగంలో పతకం తీసుకున్న అమ్మాయి కన్నా పైడితల్లి ఎక్కువ బరువే ఎత్తింది, అయినా అయిదో స్థానమే దక్కింది. బయటకొచ్చి నా ముందు నిలబడింది. ఏమన్నా అంటానేమోనని చూసింది. నేను నోరు మూసుకుని ఆమె చేతులకి అంటిన సుద్దపొడి తుడిచాను. ఎన్నో ఏళ్ళ వైద్యంలో అంత కష్టపడి నేను ఏ పనీ చేయలేదు.

గోడ మీద చార్టులో లేనిది

కొత్తగా వచ్చేవాళ్ళకి నేను చెప్పదలుచుకున్నది ఇది. ఏ పిల్లల్లో కిడ్నీ తొందరగా దెబ్బతింటుందో గోడ మీద చార్టులో ఉంటుంది. షుగర్ వచ్చి ఎన్నేళ్ళయింది, మూడు నెలల సగటు ఎంత ఉంది, బీపీ ఎలా ఉంది, కొవ్వు ఎంత, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉందా, కుర్రాడు చాటుగా సిగరెట్టు కాలుస్తున్నాడా. ఈడొచ్చే వయసులో ఒంట్లో మార్పుల వల్ల ఇన్సులిన్ కూడా సరిగ్గా పట్టదు, కాబట్టి ఆ నాలుగైదేళ్ళూ ప్రమాదమే. వీటికి తోడు ఒళ్ళు నొప్పులకి దుకాణంలో కొనుక్కుని మింగే బిళ్ళలు. ఇవన్నీ చూడండి. చార్టు తప్పు చెప్పదు.

కానీ ఆ సగటు ఎందుకు పెరిగిందో చార్టు చెప్పదు. సూది మానేసే ప్రతి పిల్లకీ ఒక కారణం ఉంటుంది, అది ఆ పిల్లకి కిడ్నీ కన్నా పెద్దది. ఒకమ్మాయి హాస్టల్లో తలుపు గడియ లేని స్నానాలగదిలో సూది వేసుకోలేక మానేసేది. ఒక కుర్రాడు భీమిలి విహారయాత్రలో స్నేహితులకి తెలిసిపోతుందని మానేశాడు. పైడితల్లి పతకం కోసం మానేసింది. ప్రసంగం వింటూ ఎవరూ ఇవి చెప్పరు, నాకు తెలుసు, మా నాన్నగారి సంఘంలో కూడా తప్పు ఒప్పుకోవాల్సినవాళ్ళు ఆయన దగ్గరకు కాదు, మా అమ్మ దగ్గరకు వచ్చేవారు.

అందుకని ప్రశ్న మార్చుకున్నాను. "సూదులు సరిగ్గా వేసుకుంటున్నావా?" అని అడగడం మానేశాను. దానికి ఒకటే జవాబు ఉంటుంది, "ఏసుకుంటన్నాను." దాని బదులు, పేరు అడిగినంత మామూలుగా, "ఈ వారం ఎన్ని సూదులు ఒగ్గీసావు?" అని అడిగేదాన్ని. మానేయడం మామూలే అన్నట్టు. మొదటిసారి పిల్లలు ఉలిక్కిపడేవారు. తర్వాత వేళ్ళు లెక్కపెట్టేవారు. అలా లెక్కపెట్టినప్పుడు నేను ఊపిరి పీల్చుకునేదాన్ని.

నా వంతు

పైడితల్లి మూత్రంలో ఆల్బుమిన్ తగ్గడానికి ఏడాది పైనే పట్టింది. షుగర్ అదుపులోకొచ్చింది, బీపీకి మాత్ర వేశాం. చివరికి వరసగా రెండుసార్లు ఏమీ లేదని వచ్చినప్పుడు సన్యాసమ్మ ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుంది. నేను అది చూసి బాత్‌రూములోకి వెళ్ళి ఏడ్చి వచ్చాను. పైడితల్లికి పెద్ద పతకాలు రాలేదు. ఒకే ఒక్క కంచు పతకం వచ్చింది. ఇప్పుడు పీఈటీ చదువు చదువుకుంటూ, అదే రేకుల షెడ్డులో చిన్నపిల్లలకి నేర్పుతోంది.

నేను రిటైరయ్యాక ఒకసారి మా ఇంటికి వచ్చింది. వచ్చీ రాగానే, "మేడమ్, మీరు యూరిన్ టెస్టు ఎప్పుడు సేయించారు?" అంది. ఇన్నేళ్ళలో ఎంతమంది పిల్లలకి ఆ పరీక్ష రాశానో చెప్పలేను, నాకు మాత్రం ఒక్కసారీ రాసుకోలేదు. మర్నాడే లాక్కెళ్ళింది. ఎక్కువ వచ్చింది. బరువులెత్తాననో పరుగెత్తాననో చెప్పుకోవడానికి నాకు వీలు కూడా లేదు. మళ్ళీ చేయించింది, మళ్ళీ ఎక్కువే. పైడితల్లికి రాసిన మాత్రే ఇప్పుడు నేనూ వేసుకోవాలి. కాజాలు మానేశాను, చాలావరకు.

వారానికోసారి షెడ్డులోంచి ఫోన్ చేస్తుంది. మొన్న కూడా చేసింది. వెనక ఇనప పలకలు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"మేడమ్, ఈ వారం ఎన్ని మాత్రలు ఒగ్గీసారు?"

శ్రీకాకుళంలో పెళ్ళికి వెళ్ళాననీ, సంచి మారిపోయిందనీ, ఈ వయసులో మతిమరుపు సహజమనీ మా నాన్నగారి గొంతు నాలో లేచింది. మంచి ఉపోద్ఘాతమే దొరికింది. నోరు తెరిచి, ఆగాను.

"మూడు" అన్నాను.

అవతల ఇంకో ఇనప పలక దభీమని పడింది. తిడుతుందేమో అనుకుని చిన్నపిల్లలా బిగుసుకుపోయాను.

"సరే మేడమ్. ఈ రోజుది ఇప్పుడు ఏసుకోండి. నాను లైన్లోనే ఉంటాను."

ఫోన్ బల్ల మీద పెట్టి, లేచి వెళ్ళి మాత్ర వేసుకొచ్చాను.